విజయశ్రీ మేడం దగ్గర ఎవరూ పడరు

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల కోచింగ్ లేని విద్య లేదు. అందుకే ఎండాకాలం తారు కరిగి చెప్పులకు అంటుకునే ఈ ఊళ్లో, మంచు మీద జారే ఆటకు కూడా కోచింగ్ పెడతానని గౌతమ్ అన్నప్పుడు ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఎల్బీనగర్‌లో ఒక ఫర్నిచర్ షాపు పై అంతస్తు కిరాయికి తీసుకుని స్కీయింగ్ హాలు తెరిచాడు. నేర్పడానికి మనిషి కావాలి కదా. మంచును కళ్లతో చూసినవాళ్లే కరువైన చోట, దాని మీద జారడం వచ్చిన విజయశ్రీ దొరికింది.

విజయశ్రీది చైతన్యపురి. తండ్రి బక్కయ్య నల్లగొండ పల్లె నుంచి వచ్చి, పండ్ల లారీ నడిపి కూతుర్ని డిగ్రీ చదివించాడు. కాలేజీలో ఎన్‌సీసీలో చేరితే వాళ్లు ఆమెను హిమాలయాల్లోని ఔలీ కొండల మీదికి స్కీయింగ్ శిక్షణకు పంపారు. అక్కడి సుబేదారు మొదటి వారమంతా ఆమెను పడేయడమే పనిగా పెట్టుకున్నాడు. పక్కకు పడు, కూర్చుని పడు, లేచి మళ్లీ పడు అనేవాడు. ఒళ్లంతా కమిలిపోయి, చాటుగా ఏడ్చి, తను ఎవరికైనా నేర్పే రోజు వస్తే ఇలా మాత్రం నేర్పనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు నిలబెట్టుకుంది కూడా. నిలబెట్టుకోకపోయినా బాగుండేది.

గౌతమ్ హాల్లో మంచు ఉండదు. ఏటవాలుగా బిగించిన వెడల్పాటి పట్టా ఒకటి కింది నుంచి పైకి తిరుగుతుంటుంది. పిల్లలు కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని దాని మీద కిందికి జారుతుంటే, జారిన మేరకు పట్టా వెనక్కి లాక్కుపోతుంది. ఎంతసేపు జారినా ఉన్నచోటే ఉంటారు. పక్క గోడకు ఒక ఎర్ర బటన్, దాని మీద విజయశ్రీ అరచెయ్యి. కొత్తగా చేరిన ఏ పిల్లకైనా ఆమె మొదట చెప్పే మాట ఒకటే.

"భయమైతే చెప్పుండ్రి. నేను ఆపుతా."

వాళ్లు చెప్పేవాళ్లు. కేక సగంలో ఉండగానే పట్టా ఆగిపోయేది. అద్దం అవతల కూర్చున్న తల్లుల ప్రాణం కుదుటపడేది. విజయశ్రీ మేడం దగ్గర ఎవరూ పడరనే పేరు నాగోల్ దాకా పాకింది. ఆ పేరంటే ఆమెకూ మహా ఇష్టం. పొగిడితే పొంగిపోనిదెవరు! ఆమె దగ్గరే నేర్చుకున్న జగన్ రెండో బ్యాచికి కోచ్ అయ్యాడు. అతనూ బటన్ మీద చెయ్యి వేసి, అచ్చం ఆమె గొంతుతోనే ఆ మాట చెప్పేవాడు. రేపు ఇంకో నాలుగు హాళ్లు వెలిస్తే అక్కడ నేర్పేదీ వీళ్ల దగ్గర నేర్చిన పిల్లలే. ఈ ఊళ్లో ఆ ఆట ముందుముందు ఎలా ఉండబోతోందో ఆ హాల్లో ఖాయమైపోతోందని ఆమెకైనా తట్టలేదు.

ఈ చలికాలం ఔలీలో పోటీలు ఉన్నాయని తెలిసి గౌతమ్ పిల్లలను పంపుతానన్నాడు. అందరికన్నా ముందు శ్రీకళ పేరు ఇచ్చాడు. కొత్తపేటలో బట్టలు కుట్టే నాగేశ్వరి కూతురు. హుషారైన పిల్ల, మలుపులు చక్కగా తిప్పుతుంది.

ప్రయాణానికి కొన్నాళ్ల ముందు శ్రీకళ పట్టా మీద ఉండగా బటన్ మొరాయించింది. పిల్ల ఆపమని అరిచింది, విజయశ్రీ నొక్కింది, పట్టా ఆగలేదు. శ్రీకళకు మోకాళ్లు వంచడం వచ్చు, వేగం తగ్గించడం వచ్చు. ఏదీ చేయలేదు. కట్టెలా నిటారుగా నిలబడి, బటన్ వైపు ముఖం తిప్పి, ఎదురుచూసింది. పట్టా ఆమెను వెనక్కి లాక్కుపోయి పైనున్న పరుపుల మీద పడేసింది. దెబ్బ తగల్లేదు, పిల్ల నవ్వుతూనే లేచింది. విజయశ్రీ మాత్రం ఆ పూటకు క్లాసు ఆపేసింది.

మర్నాడు కావాలనే బటన్ ఆలస్యంగా నొక్కి చూసింది. ఒక్కొక్కరూ అంతే. భయం వేయగానే వచ్చిన విద్యంతా వదిలేసి ఆమె ముఖం కేసి చూస్తున్నారు. జగన్‌ను ఎక్కించింది. అతనూ అంతే. ఔలీ వాలు ఆమె కళ్ల ముందు తిరిగింది. కింద వరసగా దేవదారు మానులు. అక్కడ పిల్ల అరిస్తే ఏది ఆగుతుంది?

పంపవద్దని, పడటం నేర్పాకే వచ్చే ఏడు పోదామని గౌతమ్‌ను బతిమాలింది. టికెట్లు కొనేశానన్నాడు అతను.

"పడటం నేర్పిస్తామని బోర్డు పెడితే ఎవరొస్తారు మేడం గారూ?"

ఉన్న నాలుగు రోజుల్లోనే నేర్పబోయింది. శ్రీకళ మోచెయ్యి గీరుకుపోయింది. నాగేశ్వరి కూతుర్ని జగన్ బ్యాచికి మార్పించేసింది. విజయశ్రీ ఆమె మిషను దగ్గరికే వెళ్లి, పిల్లను పంపవద్దని చెప్పింది.

"మొన్న మీరు పడేసెదాంక మీ దగ్గర మా పిల్ల ఒక్కసారన్న పడ్డదా మేడం? గందుకే గదా పంపుతున్న" అంది నాగేశ్వరి, కుట్టు ఆపకుండా.

విజయశ్రీ మంచి పేరే ఆమె నోరు నొక్కింది. పిల్లలను జగన్ తీసుకువెళ్తాడని, మేడం కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోవచ్చని గౌతమ్ కబురు పంపాడు. ఆమెకు అన్నం సయించలేదు. ఆ దేవదార్లు కళ్ల ముందు నుంచి కదలవు. చివరికి రిజర్వేషన్ లేకపోయినా సరే, తనూ వెళ్లి ఆ వాలు మొదట్లోనే పిల్లలకు అడ్డంగా నిలబడాలని బట్టలు సర్దుకుంది.

బయలుదేరే రోజు రైలు స్టేషన్‌కు పోవడానికి అందరూ ఎల్బీనగర్ మెట్రో మెట్ల కింద చేరారు. విజయశ్రీ వెళ్లేసరికి అక్కడ గలాటాగా ఉంది. శ్రీకళ భయంతో తల్లి కొంగు పట్టుకుని పోనంటోంది. జగన్ నచ్చజెప్పి అలిసిపోయాడు. నాగేశ్వరికి కూడా మనసు పీకి, బ్యాగు భుజాన వేసుకుని కూతురితో ఇంటివైపు తిరిగింది. హమ్మయ్య అనుకుంది విజయశ్రీ. అంతలో శ్రీకళ ఆమెను, ఆమె చేతిలోని సంచిని చూసింది.

"మేడం, మీరు గూడ ఒస్తున్నరా?"

తల్లి బ్యాగు దించింది. పిల్ల కొంగు వదిలేసింది. పొద్దుటి నుంచి ఏడ్చిన ముఖం విప్పారింది.

"నేను ఒస్తలేను. నువ్వు గూడ పోకు బిడ్డా" అంది విజయశ్రీ కంగారుగా. "ఆడ బటన్ ఉండది. నేనున్నా ఆపలేను."

"పొండ్రి మేడం, ఉత్తగ భయపెడ్తరు" అని నవ్వి, శ్రీకళ ఆమె చేతిలోంచి సంచి లాక్కుని ముందుగా మెట్లెక్కింది.