టికెట్ మిషను దగ్గరి మనిషి

పట్టాభిరామయ్య మొదట పోగొట్టుకున్నది ముఖాలను. ఎవరి వైపు చూసినా ముఖం ఉండవలసిన చోట బూడిదరంగు మచ్చ ఒకటి నిలిచేది. దాని చుట్టూ ఉన్నవి మాత్రం ఉండేవి. భుజాలు, సంచులు, చెప్పులు, గోడ. షుగరు కంటి వెనక పొరను తినేస్తోందని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆయన భార్య అరుణకుమారికి చెప్పలేదు. కళ్లజోడు మార్చాలట, అన్నాడు.

తెనాలి వైపు నుంచి బదిలీ మీద వచ్చి చిల్కానగర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. నగరంలో తిరిగే ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల స్టేషన్లలో స్మార్ట్ కార్డుతో నడిచే టికెట్ మిషన్లు వచ్చాక, వాటిని వాడలేనివాళ్లకు సాయంగా రిటైరైనవాళ్లను నిలబెట్టారు. తార్నాక అవతలి స్టేషన్‌లో ఆ పని ఆయనకు దొరికింది. డబ్బు తీసుకుని మిషను పలక మీద తన కార్డు పెట్టాలి. తెర మీద ఊరు నొక్కాలి, ఎంతమందో నొక్కాలి. టికెట్ వస్తుంది. కౌంటరు దగ్గర ఎప్పుడూ బారు ఉండేది కనుక నాచారం ఫ్యాక్టరీల వాళ్లు, లాలాపేట్ కూరగాయల వాళ్లు, చదువు రానివాళ్లు, ముట్టుకుంటే ఏమవుతుందోనని జంకేవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవారు. మిషను సారు అని పిలిచేవారు.

ఆయన తెరను చూడడం మానేసి చాలాకాలమైంది. ఊరి పేరు చెవిన పడగానే వేలు దానంతటదే వెళ్లేది. బేగంపేట పైన కుడివైపు. మలక్‌పేట దానికి బాగా కింద. మొదట్లో ప్రతి టికెట్‌నూ పక్కకు పట్టుకుని, కంటి కొసతో చదివి ఇచ్చేవాడు. బండి కూత వినగానే జనం లాక్కుని పరుగెత్తేవారు. తప్పు ఒక్కటీ రాకపోవడంతో ఆ చదవడమూ మానేశాడు.

భయం మాత్రం మానలేదు. రోజూ బస్సులో వస్తుంటే ఉప్పల్ రోడ్డు మధ్యన లేస్తున్న మెట్రో స్తంభాలు కంటి అంచున కదిలేవి. ఆ రైలుకు కార్డు తాకిస్తే గేటు దానంతటదే తెరుచుకుంటుందట, మెట్లెక్కలేనివాళ్లకు లిఫ్టులట అని పక్కవాళ్లు సంబరంగా చెప్పుకునేవారు. ఆ గేటు ముందు తాను ఎక్కడ తాకించాలో తెలియక తడుముకుంటూ ఉండడం, వెనక బారు ఆగిపోవడం ఆయనకు కళ్లకు కట్టినట్టు కనిపించేది. ఇంట్లో కూర్చుంటే గుడ్డివాడినని ఒప్పుకున్నట్టే. నిలబడితే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆ ఒకరోజును ప్రతి ఉదయం తనతోపాటు స్టేషన్‌కు తెచ్చుకునేవాడు.

అది తెలంగాణ వస్తుందా రాదా అని ప్లాట్‌ఫారమ్ మీద వాదులాటలు జోరుగా ఉన్న ఏడాది. ముసురు పట్టిన ఒక ఉదయం వెంకటనర్సమ్మ వచ్చింది. నాచారం ఫ్యాక్టరీలో ఆమె భర్త మొగిలయ్య కాలి మీద ఇనుపరేకు పడి పుండు మానడం లేదు. ఊతకర్ర మీద అతన్ని నడిపించుకుంటూ కట్టు మార్పించడానికి బేగంపేట వైపు దవాఖానాకు తీసుకెళ్తుంది. ఇద్దరికీ రానుపోను అడిగింది. ఆయన నొక్కి ఇచ్చాడు. కర్ర చప్పుడు వంతెన దాటి అవతల రైలెక్కింది.

బండి కదిలాక ఒక కుర్రాడు వెనక్కి వచ్చాడు. కంప్యూటరు ఉద్యోగం చేసే ఫణీంద్ర, కార్డులో డబ్బు అయిపోయినప్పుడు ఈయన దగ్గర కొంటాడు.

"మాస్టారూ, నేను బేగంపేట అడిగాను. మలక్‌పేట వచ్చింది. తెర మార్చినట్టున్నారు, ఊళ్లన్నీ అటూ ఇటూ అయ్యాయి. చూడలేదా?"

చూడలేదు నాయనా, అన్నాడు పట్టాభిరామయ్య. కార్డు తీసి జేబులో పెట్టుకుని, మిషను పనిచేయడం లేదని బారుకు చెప్పాడు.

"నిన్నటిదాంక మంచిగనే ఉండె గదా సారు. దానిక్కూడ జెరమొచ్చిందా?" అన్నారెవరో. నలుగురూ నవ్వి కౌంటరు వైపు కదిలారు.

అంటే మొగిలయ్య చేతిలో ఉన్నదీ మలక్‌పేటదే, ఎదురుదిక్కు టికెట్. దిగినచోట అడుగుతారు. ఆమెకు చదువు రాదు. తరువాతి బండికి తాను వెళ్లి చెప్పాలనుకున్నాడు. అవతలి ప్లాట్‌ఫారమ్‌కు వంతెన ఎక్కాలి. మొదటి మెట్టు దగ్గర కిందికి చూశాడు. చూసిన చోట మెట్టు లేదు. కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక నుంచి వచ్చేవాళ్లు జరగమన్నారు. జరిగాడు. తిరిగి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నమంతా ఒక్కో బండీ వచ్చింది, పోయింది. ప్రతి బండికీ కర్ర చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. వినిపించకూడదనీ అనుకున్నాడు.

సాయంత్రం వినిపించింది.

"గేటు కాడ టీసీ పట్టుకున్నడు సారు," అంది వెంకటనర్సమ్మ. "ఇది గీ దిక్కు టికెటే గాదన్నడు. నేను గట్టిగనే జెప్పిన. మా మిషను సారు తప్పు గొట్టడు, నీకే సదువు రాదేమో అన్న."

"గా మాటకే ఆయనకు మండింది," అన్నాడు మొగిలయ్య. "దీని నోటితోని నన్ను గూడ గంటలకొద్ది కూసుండవెట్టిండు."

విడిచిపెట్టేసరికి దవాఖానాలో చీట్లు ఇవ్వడం అయిపోయింది. కట్టు మార్చలేదు. తడిసిన కట్టు వాసన పట్టాభిరామయ్యకు తగిలింది.

"నేనే నోరు తిరగక మలక్‌పేట అన్ననేమో. నువ్వు ఫికర్ జెయ్యకు సారు."

అవునమ్మా అంటే సరిపోయేది. ఆమె నమ్మడానికి సిద్ధంగానే ఉంది. రేపు కొత్త తెరను వేలికి నేర్పుకోవచ్చు. కొన్నాళ్లు గడుస్తాయి. ఆయన ఆమె ముఖం వైపు చూశాడు. మచ్చ కనిపించింది.

"నువ్వు సరిగ్గానే అడిగావమ్మా. నాకు కనబడదు. చాలాకాలంగా కనబడడం లేదు."

ఆమె ముఖంలో జాలి వచ్చిందో అసహ్యం వచ్చిందో ఆయనకు తెలిసే మార్గం లేదు. ఇన్నాళ్లూ భయపడింది మాట బయటపడుతుందని. బయటపడిన తరువాత ఎదుటివాళ్ల ముఖం కనబడదన్న సంగతి ఆయనకు తట్టనేలేదు.

"అంటె గిన్నిరోజులు మమ్ముల అందాజమీద రైలెక్కిచ్చినవా సారు?" అన్నాడు మొగిలయ్య. ఆ గొంతులో నవ్వుందో కోపముందో అర్థం కాలేదు.

"ఊకో నువ్వు," అంది వెంకటనర్సమ్మ. "రేపు మల్ల పోవాలె. టికెట్ ఎవలిస్తరు సారు?" అని అడిగింది.

తెలియదన్నాడు. కర్ర చప్పుడు రోడ్డు వైపు వెళ్లిపోయింది.

ఆయన లేచి గోడ పట్టుకుని స్టేషన్ మాస్టరు గదిదాకా నడిచాడు. జేబులోంచి కార్డు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. లోపల దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో మనిషి ఉన్నాడో, ఖాళీ కుర్చీయో తెలియలేదు. ఎవరైనా ఉన్నారా అని అడగడానికి సిగ్గేసింది. ఉన్నారనుకునే చెప్పడం మొదలుపెట్టాడు.