బిల్లు లేకుండా

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో నాయినకు ఫ్యాన్లు, మిక్సీలు, ఇన్వర్టర్లు అమ్మే చిన్న దుకాణం ఉండేది. నల్గొండ పల్లె నుంచి వచ్చి, పదిహేనేళ్లు చెమటోడ్చి పెట్టుకున్నది. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని.

ఆ సందులో ఏ దుకాణానికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే: బిల్లు కావాలా, వద్దా? వద్దంటే వ్యాట్ ఉండదు. వెయ్యి రూపాయల వస్తువు మీద నూటయాభై దాకా తగ్గుతుంది. నాయిన మాత్రం ఎవరికైనా బిల్లు రాసే ఇచ్చేవాడు. పక్కవాళ్లు హరిశ్చంద్రుడని ఎగతాళి చేసేవారు. కొనేవాళ్లను తప్పుపట్టలేను. జీతం రాళ్లతో ఇల్లు నడిపేవాళ్లకు నూటయాభై అంటే మాటలా?

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక బంద్ మీద బంద్. పిలుపు వస్తే సందులో మొదట షట్టర్ దించేది నాయినే. "రాష్ట్రమొస్తే అంత మంచిగైతది" అనేవాడు. తెరిచిన రోజుల్లోనేమో వచ్చినవాళ్లంతా ధర అడిగి పక్క దుకాణంలోకి జారుకునేవారు. కిరాయి కట్టకపోతే ఖాళీ చేయమని ఓనర్ రెండుసార్లు చెప్పిపోయాడు.

ఒక పొద్దున ఎల్బీనగర్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు నేనే అన్నాను: "అందరు అమ్మినట్టే మనం అమ్ముదం నాయినా. దుకాణమే పోతే నీ బిల్లుబుక్కు ఎవడు చూస్తడు?"

నా నోటికి అప్పట్లో అడ్డూ అదుపూ ఉండేది కాదు.

ఆ సాయంత్రమే లెక్చరర్ సార్ వచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డ మనిషి. ఎనిమిదేళ్లుగా ఏ వస్తువైనా మా దగ్గరే కొనేవారు. కూతురికి పరీక్షలు, కరెంటు చూస్తే ఉండటం లేదు, ఇన్వర్టర్ కావాలన్నారు. నాయిన ఒకసారి నావైపు చూసి తల వంచుకున్నాడు.

"బిల్లు లేకుంటే జర తగ్గుతది సార్."

సార్ ముఖం వాడిపోయింది. "ఇన్ని దుకాణాలు దాటుకుని మీ దగ్గరికి వచ్చేది ఆ బిల్లు కోసమేనండీ. రేపు బ్యాటరీ పాడైతే కంపెనీవాడికి ఏం చూపించను?"

"రాసిస్త సార్, బిల్లే రాసిస్త" అంటూ నాయిన కంగారుగా బుక్కు తెరిచాడు.

"ఇన్నాళ్లూ రాసిచ్చినవి అసలు బిల్లులేనా అండీ?" అని సార్ మెల్లగా అడిగారు. జవాబు కోసం ఆగకుండా, మళ్లీ వస్తానని మెట్లు దిగిపోయారు. ఇక రాలేదు.

దసరాకు ముందే దుకాణం ఖాళీ చేశాం. సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. "సార్ ఇంటికి పోయి గా మాట నాదని చెప్పొస్త నాయినా" అన్నాను.

నాయిన తాడు బిగిస్తూనే ఉన్నాడు.

"చెప్పింది నువ్వే గని, అన్నది నా నోరే కద బిడ్డా" అన్నాడు.