గోడవైపు తిప్పిన చైనా కూజా

మా పుట్టింట్లో సామాన్లు తోమడంలో నాకు పేరుండేది. బంగారుపాళ్యంలో మా అమ్మ పండగ ముందర ఇత్తడి బిందెలన్నీ నా ముందర పడేసి, తాను హాయిగా వక్కాకు నములుతూ కూర్చునేది. అట్లాంటి నన్ను పట్టుకుని, పెండ్లయి చిత్తూరుకు వచ్చిన ఆరో నెలలో మా అత్త ఒక మాట అనింది. నేను తోమిన దీపపు కుందిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, సందుల్లో మురికి అట్లే ఉందని పక్కన పెట్టేసింది. ఆమె గట్టిగా కూడా అనలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మరుసటి రోజు అత్త కాణిపాకం పోయింది. వినాయక చవితికి ఇంకా వారం ఉంది గానీ, పండగనాడు అక్కడ కాలు పెట్టే సందు ఉండదని ముందే దర్శనం చేసుకొచ్చేది. ఇంట్లో నేనొక్కదాన్నే. కుందులు మళ్ళీ తోమాను, చెంబులు తోమాను, ఇంకా కసి తీరక చుట్టూ చూశాను. హాల్లో మామ ఫోటో కింద కూజా కనిపించింది.

అది చైనా కూజా. మూరెడు ఎత్తు, కంచుది. ఒంటి నిండా సన్నని తీగతో పూలు, కొంగలు అల్లి, ఆ గళ్ళలో నీలం, ఎరుపు గాజుపూత నింపి ఉంటుంది. మామ వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఏదో పాత బంగళా సామాన్లు వేలం వేస్తుంటే ముచ్చటపడి కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారట. నా పెండ్లికి ఏడాది ముందే ఆయన పోయారు. దాన్ని అత్త తప్ప ఎవరూ ముట్టరు. ఆమె కూడా పొడిగుడ్డతో ముందువైపు మాత్రం తుడిచి వదిలేసేది. వెనకవైపు తుడవడానికి బద్ధకం కాబోలు అనుకునేదాన్ని.

అత్త మీద కోపం దుత్త మీద అంటారే, నా సంగతి సరిగ్గా అదే. చింతపండు, ఉప్పు పూసి, స్టీలు పీచు అందుకున్నాను. నల్లబడిన తీగల్ని తళతళలాడించి చూపిస్తే ఇంక నోరెత్తదు అనుకున్నాను. ఒక కొంగ మెడ దగ్గర గట్టిగా రుద్దేసరికి నీలం పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది.

కోపం ఎటు పోయిందో తెలియదు. మామ ముచ్చటపడి తెచ్చింది ఆమెకు అదొక్కటే మిగిలింది, దాన్నే పాడు చేశాను. చింతపండు పూసిన ముందువైపు మాత్రం గబగబా తడిగుడ్డతో తుడిచి, ఊడిన ఆ వైపు గోడకు తిప్పి పెట్టాను. అప్పుడు చూశాను ముందుకొచ్చిన రెండో వైపును. అక్కడ అరచెయ్యంత మేర నీలమే లేదు. నేను పీచు తగిలించని చోటు అది. అంచుల్లో ఏండ్లనాటి దుమ్ము పేరుకుని ఉంది.

అత్త ప్రసాదం పొట్లంతో వచ్చేసరికి నేనింకా అక్కడే నిలబడి ఉన్నాను. ఆమె కూజాను చూసింది, చింతపండు అంటిన నా చేతుల్ని చూసింది. నేను ఏడుస్తూ గుప్పిట విప్పి పెచ్చు చూపించాను.

"ఆ పక్క నాది లేమ్మా," అనింది అత్త. "నేనూ పెండ్లయిన కొత్తలో చింతపండేసి తోమినా. మీ మామ వచ్చి చూసినాడు. దాన్ని గోడకు తిప్పి పెట్టేసి, అన్నానికి కూర్చున్నాడు."

ఇప్పుడు మళ్ళీ తిప్పుతుంది, నా నిర్వాకం హాల్లోకి వస్తుంది అనుకున్నాను. ఆమె తిప్పలేదు. కొంగుతో తన వైపు దుమ్మంతా తుడిచి, అట్లే వదిలేసి, నా నోట్లో ప్రసాదం పెట్టింది. ఆ క్షణం నుంచి ఆమె నాకు అమ్మే.

ఇది జరిగి పద్దెనిమిదేండ్లు. ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా ఇంత మంచి కూజా ఇట్లా అయిందేమని అడిగితే, నేను నోరు తెరిచేలోపే అత్త కుర్చీలోంచి అందుకుంటుంది.

"నేనే, తోమి పాడు చేసినా."

గోడవైపు ఏముందో మా ఆయనకు కూడా ఇంతవరకు తెలియదు.