సమాన హోదాలో రెండు హార్మోన్లు

మా ముత్తాత గౌరీనాథ పంతులు టెక్కలి దగ్గర ఒక జమీకి దివాను. తాత జగన్నాథ పంతులు ఎదుట తాసీల్దారైనా అడగకుండా కుర్చీలో కూర్చునేవాడు కాదు. నా కాలానికి ఆ కుర్చీలే మిగల్లేదు. పదవీ విరమణకు రెండేళ్ళ ముందు నన్ను కలకత్తాలో, గార్డెన్ రీచ్ సమీపంలోని ఒక టిష్యూ కల్చర్ ప్రయోగశాలకు అధికారిగా వేశారు.

అరటి పిలక మొగ్గను సన్నని ముక్కలుగా కోసి సీసాల్లో మొక్కలుగా పెంచడం అక్కడి పని. సీసాలోని ఆహారంలో రెండు హార్మోన్లు కలుపుతాం. సైటోకైనిన్ ఎక్కువైతే ముక్క చిగుళ్ళు వేస్తుంది, ఆక్సిన్ ఎక్కువైతే వేళ్ళు వేస్తుంది. రెండూ సరిసమానంగా పడితే ఎటూ తేల్చుకోలేక ఉత్త గడ్డగా ఉబ్బుతుంది.

సైటోకైనిన్ బీరువా తాళం సేన్‌బాబుది, ఆక్సిన్‌ది ఘోష్‌బాబుది. ఇద్దరూ చెరో విభాగానికి పెద్దలు; ఒకే రోజు చేరారు, ఒకే హోదా, ఒకే జీతం. నాకు ముందున్న అధికారి వారి తగవు పడలేక, ఇద్దరికీ అన్నిటా సమాన స్థానమని ఉత్తర్వు ఇచ్చి వెళ్ళాడు. అప్పటినుంచి హార్మోన్లు కూడా సమానంగానే పడుతున్నాయి. ఫలితం ఇద్దరికీ బాగా తెలుసు. అయినా చుక్క తగ్గించుకోవడమంటే హోదా తగ్గించుకోవడమేనని ఇద్దరూ విడివిడిగా, దాదాపు ఒకే మాటల్లో నాకు విన్నవించారు. అరల నిండా గడ్డలు. వాటిని రెండు విభాగాల ఉమ్మడి ఉత్పత్తిగా నమోదు చేశారు కూడా.

వానల లోపు మొక్కలు అమ్మకానికి రాకపోతే ప్రయోగశాల మూసేస్తామని పైనుంచి కబురు వచ్చింది. ముక్కలు కోసే ఆడవాళ్ళు రోజుకూలీలు, రేవు పనికి వచ్చిన శ్రీకాకుళం కుటుంబాలవారు. వారిలో పెద్దది పైడమ్మ ఒక సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఏటిది బాబూ? ఏరు నేదు, ఆకు నేదు. దీన్నెవుడు కొంటాడు? ఈ బాబులిద్దరికీ జీతాలొస్తాయి. మా పనే పోద్ది."

మా తాత కచేరీలో సమాన హోదా గల ఇద్దరు వస్తే, లోపలికి వచ్చేటప్పుడు ఒకరు, బయటికి వెళ్ళేటప్పుడు మరొకరు ముందు నడిచేవారు. నేను అదే ఉత్తర్వుగా రాశాను. తొలి విడత ఆహారంలో సేన్‌బాబు హార్మోనుకు ఆధిక్యం, చిగుళ్ళు వచ్చాక మలి విడతలో ఘోష్‌బాబు హార్మోనుకు. ఎక్కడైనా జరిగే పద్ధతి అదేనని ముగ్గురికీ తెలుసు. ఉత్తర్వు రూపంలో వచ్చింది కనుక ఇద్దరూ సంతకం చేశారు.

"ముందు నువ్వే నడువు సేన్‌దా, నిలబెట్టేది నేను" అన్నాడు ఘోష్‌బాబు.

"నిలబెట్టడానికి ముందొకటి మొలవాలిగా" అంటూ సేన్‌బాబు తాళం తీశాడు.

చిగుళ్ళు వచ్చాయి, వేళ్ళు దిగాయి. పైడమ్మ జట్టు పనిలో నిలిచింది. సమానులిద్దరి చేత కలిపి పని చేయించాలంటే వారికి సమానమైన వాటాలు కాదు, వేర్వేరు వేళలు ఇవ్వాలని నేర్చుకున్నాను. మొక్కలన్నీ వానలకు ముందే అమ్ముడుపోయాయి. గడ్డలను పారేయించి, ఆ సీసాలను ఏక్‌బాల్‌పూర్ పచ్చళ్ళ వ్యాపారికి అమ్మేశాం.