డాన్సనుకున్న ఎర్ర చుక్క

నేను ఏడో తరగతిలో రెండుసార్లు తప్పి బడి మానేశాను. మా గుర్రం కాలికి మాత్రం కంప్యూటరు కట్టారు. మీ ఇంట్లో చదువుకున్నదెవరయ్యా అంటే దాన్నే చూపించేవాణ్ణి.

ఉయ్యూరు చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని తిప్పడం నా పని. పెళ్ళికొడుకు పైనుంటాడు, డప్పు మోగుతుంది, గుర్రం ముందుకాళ్ళు మార్చి మార్చి ఎత్తి ఆడుతుంది. విజయవాడ నుంచి వచ్చే పశువుల డాక్టరమ్మ దాని ముందుకాళ్ళకి పట్టీలు కట్టింది. నడకలో తేడా వస్తే వాటిలోని ఏఐ కనిపెట్టి నా ఫోన్‌కి చెబుతుంది. పచ్చ చుక్కయితే క్షేమం. ఎర్ర చుక్కయితే కాలు నొప్పి, పని ఆపెయ్యాలి.

మొదటి పెళ్ళిలోనే డప్పు మొదలవగానే ఎర్ర చుక్క! ఆపి కాలు తడిమితే ఏమీ లేదు. డప్పు ఆగింది, చుక్క పచ్చబడింది. అంటే ఆ పట్టీకి డాన్సు కూడా కుంటడమే. బ్యాండువాళ్ళతో చెప్పి పడీ పడీ నవ్వాను. డాక్టరమ్మకి చెబుదామనుకుంటూనే చెప్పలేదు. ఆనాటి నుంచి ఎర్ర చుక్క వస్తే డాన్సు అదిరిందని అర్థం. పొద్దున్నే నాలుగు కాళ్ళూ చేత్తో తడిమి వేడి చూడడం మా నాన్న నేర్పిన అలవాటు. ఫోన్ ఉందిగా అని అదీ మానేశాను.

ఆ రోజు హనుమాన్ జంక్షన్ దగ్గర పెళ్ళి, పొద్దుటి ముహూర్తం. వ్యాను దిగి నాలుగడుగులు వేసిందో లేదో, ఎర్ర చుక్క. డప్పు ఇంకా మోగలేదు. ఎక్కడో డప్పు విని కాళ్ళాడిస్తోంది, దీనికి నాకన్నా తొందర అనుకున్నాను.

ఊరేగింపులో ముందు ఎడమకాలు ఎత్తనంది. చెవులు వెనక్కి వాల్చి నిలబడిపోయింది.

“ఏరా, చచ్చినదాన్ని తోలుకొచ్చావా? ఆడించు!” అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ, తాగిన నోటితో.

పదిమందిలో పరువు పోతోందని కర్రెత్తాను. భుజం మీద ఒకటి, రెండు, మూడు. తోలు చిట్లింది. మేనమామ నా చేతిలో కర్ర లాక్కుని సరిగ్గా ఆ ఎడమకాలి మీదే కొట్టాడు. గుర్రం అరిచి నిలువునా లేచింది. పెళ్ళికొడుకు తారురోడ్డు మీద పడి మోచెయ్యి పగిలింది. కళ్ళెం పట్టుకోబోయాను. గిర్రున తిరిగి వెనక్కాలితో నా మూతి మీద తన్నింది. రెండు పళ్ళు రక్తంతో పాటు అరచేతిలోకి వచ్చాయి. పెళ్ళివాళ్ళు మీద పడ్డారు. చెప్పులు, మోకాళ్ళు, ఎవరిదో కడియం నా నెత్తి మీద. కింద పడి వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి చూశాను. డప్పులు ఆగిపోయాయి. గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడి వణుకుతోంది. నాలుగోది వేలాడుతోంది. పక్కన పడ్డ నా ఫోన్‌లో చుక్క ఇంకా ఎర్రగానే ఉంది.

ఎముక విరిగితే గుర్రానికి సూదేసి చంపడమే. డాక్టరమ్మ వచ్చి కాలు తడుముతున్నంతసేపూ నేను కళ్ళెం పట్టుకుని ఆవిడ చేతులే చూశాను.

“ఎముక కాదు, నరం తెగింది. బతుకుతుంది. ఇంక ఆడదు,” అంది.

ఏడుపొచ్చింది. కప్పిపుచ్చుకోవడానికి వాచిన మూతితోనే వాగాను. “ఆ పట్టీకి డాన్సుకీ కుంటుకీ తేడా తెలీదండీ. ఎలా నమ్మమంటారు? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తన్నని గుర్రమండీ ఇది.”

ఆవిడ తలెత్తకుండా కట్టు కడుతూనే అంది:

“తన్నింది కదయ్యా. అదైనా అర్థమైందా, అదీ డాన్సే అనుకున్నావా?”