ట్రాన్స్‌లేటర్ డౌన్ అన్నారు

రమణ వదినా, మోకాలు ఎలా ఉంది? అన్నయ్య దగ్గు తగ్గిందా? చిట్టీ, బీపీ మాత్రలు మానలేదు కదా? మిగతావాళ్లంతా కులాసాయేనా?

ఈ పొద్దున మేముండే క్లైడ్ నార్త్ పేటలో రేడియోలో గంటసేపు వచ్చే తెలుగు కార్యక్రమం రాలేదు, ఒకటే బుసబుస. మనవరాలు స్టేషన్‌కి ఫోన్ చేసి, "నానమ్మా, ట్రాన్స్‌లేటర్ ఈజ్ డౌన్ అంట" అంది. ఆసుపత్రిలో మన మాట డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పే మనిషిని ట్రాన్స్‌లేటర్ అనే కదా అంటారు! రేడియోలో ఇక్కడి వార్తలు మనకు తెలుగులో చెప్పే సుజాతే అనుకున్నాను.

"అయ్యో, ఎక్కడ పడింది? తుంటి విరగలేదు కదా?"

"మనిషి కాదు నానమ్మా, ఇట్స్ ఎ టవర్! కొండ మీద చిన్నది. స్టేషన్ సిగ్నల్ పట్టుకుని మన ఏరియాకి పంపుతుంది. షో డిజిటల్ రేడియోలో వస్తోంది, వాళ్లదే సెకండ్ చానెల్‌లో."

నా పాత రేడియోకి డిజిటల్ రాదు. కారు రేడియోకి వస్తుందని, మనవరాలు గరాజ్‌లో ఉన్న కారులో కూర్చోబెట్టి వినిపించింది. సుజాత లక్షణంగా వార్తలు చదువుతోంది. గొంతు మాత్రం కాస్త బొంగురుగా అనిపించింది.

మీరైతే ఏమనుకునేవారో చెప్పండి. నేను మాత్రం కళ్లారా చూస్తేగానీ కుదుటపడను. స్టేషన్‌కి ఫోన్ చేసి ఆమెనే పిలిచాను. వచ్చే ఆదివారం పదకొండు గంటలకు మా ఇంటికి వస్తానంది.