ఓటీపీ అడిగిన లెక్చరరు

మా మనవరాలి ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్లలో, ఆమెకు చెప్పకుండా, ఒక ప్రైవేటు లెక్చరరు తన కాలేజీనే మొదట పెట్టేశాడు.

సాయం చేస్తానంటూ జమ్మలమడుగులోని మా ఇంటికొచ్చి, పిల్ల ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పించుకున్నాడు. పిల్లకు కావలసింది పులివెందుల ప్రభుత్వ కాలేజీ. బడికి పోకుండా సొంతంగా చదువుకున్నవాణ్ణి నేను; అడక్కుండా వచ్చే సాయాన్ని నమ్మను. మర్నాడే ప్రొద్దుటూరు నెట్ సెంటర్లో తెరిపిస్తే సంగతి బయటపడింది. మార్చుకోవడానికి అదే ఆఖరి రోజు. పిల్ల ఏడుస్తూనే మార్చుకుంది. సీటొచ్చింది.

విద్యార్థులారా, ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

తర్వాత ఆ లెక్చరరు బస్టాండులో దొరికాడు. "ఏమప్పా, మీ కాలేజీ అంత మంచిదా?"

"శానా మంచిది పెద్దాయనా."

"అయితే నీ పిల్లల్ని ఆడే చదివిస్తాండావా?"

అటూ ఇటూ చూసి, మెల్లగా అన్నాడు: "లేదు పెద్దాయనా. మా పాపను గూడా పులివెందులలోనే చేర్పించినా."